పాట వేరు, మాట వేరు అన్నాయన ఒకసారి మైకు కట్టి చూడాలి

సంపాదకులు గారికి నమస్కారం.

మూడు వారాలుగా మీ ఆదివారం పేజీలో 'మగ గొంతుల్లో ఎవరిది గొప్ప' అని పాఠకులు తగువులాడుకుంటున్న ఉత్తరాలు ఒక్కటీ వదలకుండా చదువుతున్నాను. సగం మంది ఘంటసాల అంటారు, సగం మంది బాలు అంటారు. మధ్యలో ఒకాయన పి.బి.శ్రీనివాస్‌ని మర్చిపోయారని అలిగాడు, ఇంకొకాయన ఏసుదాసు మనవాడా కాదా అని లా పాయింటు లాగాడు. బాగానే ఉంది, ఇడ్లీ తింటూ చదువుకోవడానికి. కానీ పోయిన వారం ఒక పెద్దమనిషి రాసింది చూశాక చెయ్యి ఊరుకోలేదు. ఘంటసాల భగవద్గీతని ఈ లెక్కలోకి తీసుకోకూడదట. ఎందుకయ్యా అంటే అందులో సగం పాట కాదు, తాత్పర్యం, అంటే ఉత్త మాటేనట. 'పాట వేరు, మాట వేరు' అని తేల్చి పారేశాడు.

అయ్యా, ఆ సగమే కదా మన జనానికి నోటికొచ్చింది! శ్లోకం ఎంతమందికి వచ్చో మీరే మీ వీధిలో అడిగి చూడండి. తాత్పర్యం మాత్రం చదువురాని ముసలమ్మ కూడా అదే ఆపుతో, అదే విరుపుతో ఒప్పజెబుతుంది.

నేను సంగీతం నేర్చుకున్నవాణ్ణి కాదు, సరిగమలు కూడా వరసగా పాడలేను. తెనాలిలో మైకు సెట్ల షాపు నడిపాను, మా నాన్న తర్వాత ముప్పై రెండేళ్లు. పెళ్లిళ్లు, శ్రీరామనవమి పందిళ్లు, నాటకాలు, ఎలక్షన్లు, తిరనాళ్లు, దినాలు. ఇప్పుడు మోకాళ్లు నొప్పులొచ్చి షాపు మా అన్నయ్య కొడుక్కి అప్పజెప్పాను, వాడు డీజే అని బోర్డు మార్చాడు, ఆ గొడవ ఇక్కడెందుకు. చెప్పొచ్చేదేమిటంటే, గొంతుల్ని నేను విన్న పద్ధతి మీ ఉత్తరాలు రాసేవాళ్ల పద్ధతి కాదు. వాళ్లు ఇంట్లో కూర్చుని విన్నారు. నేను చింతచెట్టుకి హారన్ కట్టి, ఆంప్లిఫయర్ మీద ఒక కుర్రాణ్ణి కూర్చోబెట్టి, సైకిలేసుకుని పొలాల గట్టున అర మైలు పోయి, అక్కడ నిలబడి విన్నాను. ఊరి చివర ఇంటిదాకా మాట అందకపోతే డబ్బులిచ్చేవాళ్లు కాదు మరి.

హారన్ సంగతి తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. ఆ ఇనప గొట్టం గొంతులో ఉన్న బేస్‌ని తినేస్తుంది. పైనుండే సన్నటి మెరుపుల్ని కూడా తినేస్తుంది. మధ్యలో, మాట అర్థం కావడానికి కావల్సిన ముక్కని మాత్రం బయటికి ఉమ్ముతుంది. కాబట్టి గొంతు మెత్తగా ఉందా, గంభీరంగా ఉందా, తేనె కారుతోందా, ఇవేవీ హారన్ దగ్గర పనిచెయ్యవు. అక్షరం పలికితే వినబడతాడు, పలక్కపోతే ఎంత గొప్ప గాయకుడైనా దూరానికి దోమ పాటే. బకి, భకి తేడా అర మైలు అవతల తెలియాలి. అదీ పరీక్ష.

ఆ పరీక్షలో ఘంటసాల గారిని మించినవాళ్లని నేను చూడలేదు. ఇది అభిమానంతో అంటున్న మాట కాదు, మా ఇంట్లో మా ఆవిడ బాలు పార్టీ, రోజూ నాకు యుద్ధమే. ఘంటసాల పద్యం ఎలా ఎత్తుకుంటారో గమనించండి. అంతకుముందు స్టేజీ మీద పద్యమంటే చివర రాగం తీసుకుంటూ పోవడమే. హార్మోనియం ఆయన అందుకుంటాడు, మళ్లీ ఈయన అందుకుంటాడు, జనం వన్స్‌మోర్ అంటారు, ఈ లోపల పద్యంలో కృష్ణుడు దుర్యోధనుడికి ఏం చెప్పాడో అందరూ మర్చిపోతారు. నేను దాన్ని తప్పుపట్టడం లేదు, తెనాలివాణ్ణి, ఆ రాగాలకి రాత్రిళ్లు మేలుకున్నవాణ్ణే. కానీ ఘంటసాల ఏం చేశారంటే రాగాన్ని మాటకి లోబరిచారు. ఎక్కడ విరిస్తే అర్థం తెగదో అక్కడే విరిచారు. విజయనగరంలో పట్రాయని సీతారామశాస్త్రి గారి దగ్గర, జోలె పట్టి మధూకరం చేసుకుంటూ నేర్చుకున్న చదువది. సంగీతం వచ్చి కూడా దాన్ని అవసరమైనంతే బయటపెట్టడం ఎంత కష్టమో పాడేవాళ్లకి తెలుస్తుంది, నాకు వినేవాడిగా తెలుసు.

ఆ చదువంతా పోసి చివర్న చేసింది గీత. ఏడు వందల శ్లోకాల్లోంచి ఎంచిన నూటికి పైగా శ్లోకాలు, ప్రతిదాని వెనక తెలుగులో తాత్పర్యం, రెండూ ఒకే గొంతు. 1974 ఫిబ్రవరి 11న ఆయన పోయారు, రికార్డు ఆ తర్వాతే బయటికొచ్చింది. యాభై రెండేళ్ల వయసు కూడా నిండలేదు. అందులో శ్లోకం పాడి తాత్పర్యంలోకి దిగేటప్పుడు వినండి. శ్రుతి వదిలేసి మాట్లాడతారా? వదలరు. శ్లోకం ఆగిన చోటుకి దగ్గర్లోనే మాట మొదలవుతుంది, అందుకే అతుకు కనబడదు. ఏది పాట, ఏది మాట అని కత్తి పెట్టి కోయబోయిన పెద్దమనిషికి నా ప్రశ్న అదే, ఎక్కడ కోస్తావు?

ఇక్కడో బాధ కూడా చెప్పుకోవాలి. ఇప్పుడు వీధిలో ఆ గొంతు వినబడితే జనం అడిగే మొదటి మాట 'ఎవరు పోయారు?' అని. వైకుంఠ రథాల వాళ్లు ఆ పెన్‌డ్రైవ్ తప్ప ఇంకోటి పెట్టరు. ఒకసారి మా షాపు కుర్రాడు, కొత్తవాడు, ఒక గృహప్రవేశానికి తెల్లవారుజామున భక్తిగా గీత పెట్టాడు. ఆ ఇంటావిడ పాలగిన్నె పొయ్యి మీద వదిలేసి తడి చేతుల్తోటే పరుగెత్తుకొచ్చి 'ఆపరా నాయనా, మా ఇంట్లో అందరం బతికే ఉన్నాం' అని కేకలు. పక్కింటివాళ్లు అప్పటికే కండువాలేసుకుని గుమ్మం దాకా వచ్చేశారు. వాడు కంగారులో ఆపబోయి వాల్యూమ్ పెంచాడు. నేను వెళ్లి కాళ్లు పట్టుకున్నంత పనైంది. యుద్ధానికి వెనకాడిన మనిషిని లేపి నిలబెట్టడానికి చెప్పిన మాటలు, మనం మనుషుల్ని పడుకోబెట్టాక వినిపిస్తున్నాం.

బాలు దగ్గరికి వస్తాను, లేకపోతే ఇంట్లో కాఫీ దొరకదు. 1966లో కోదండపాణి గారు మొదటి పాట పాడించారు, 2020 సెప్టెంబరు 25 దాకా మనతో ఉన్నారు, ఈ మధ్యలో ఎన్ని వేలు పాడారో మీ పేజీలో రోజుకో లెక్క వస్తోంది, అందులోకి నేను దిగను. నేను చెప్పేది నా మైకు లెక్క. హారన్ మీద బాలు పాట సగమే వినబడుతుంది. తప్పు ఆయనది కాదు, హారన్‌ది. ఆయన గొంతులో చిరునవ్వు ఉంటుంది, పాట మధ్యలో చిన్న ఊపిరి ఉంటుంది, ఒక్కో మాటని నిమిరినట్టు వదిలేస్తారు. ఇవన్నీ గొట్టం మింగేస్తుంది. బాక్సులొచ్చాక, ఆ తర్వాత చెవిలో పెట్టుకునేవి వచ్చాక బాలు అసలు సైజు తెలిసింది నాకు. మా షాపుకి మొదటిసారి పెద్ద బాక్సులు కొన్న రోజు, పరీక్షకని ఆయన పాటే వేసి, 'ఓరినీ, ఇన్నాళ్లూ ఈయన్ని నేను వినలేదన్నమాట' అనుకున్నాను. కాబట్టి వీళ్లిద్దరికీ పోటీ పెట్టడమే నాకు తిక్కగా ఉంటుంది. ఒకాయన చెట్టు మీది మైకు నుంచి ఊరంతటికీ చెప్పినాయన, ఇంకొకాయన నీ ఒక్కడి చెవిలో చెప్పినాయన.

కానీ బాలు అభిమానులు మీకు రాసిన ఉత్తరాల్లో ఒక్కరైనా ఆయన మాట గురించి రాశారా? తెలుగులోకి డబ్ అయిన కమల్‌హాసన్ సినిమాల్లో చాలావాటికి మాట బాలుదే. 'దశావతారం' తెలుగులో కమల్ వేసిన పది వేషాల్లో ఏడింటికి ఆయనే చెప్పారు. ఆ ఏడుగురూ ఒకరిలా ఒకరుండరు. 'గాంధీ' తెలుగులోకి వస్తే ఆ ముసలాయనకీ ఈయనే. 'అన్నమయ్య'లో సుమన్ వేంకటేశ్వరుడిగా నిలబడితే నోరు తెరిచింది బాలు. అల్లు రామలింగయ్యకి పాట పాడితే అల్లు రామలింగయ్యే పాడుతున్నాడనుకున్నామంటే అది పాట విద్యా, మాట విద్యా? 'పాడుతా తీయగా'లో పిల్లల్ని ఆపి ళకారం దిద్దించేవారు చూశారూ, శ్రుతి కాస్త తప్పినా నవ్వి ఊరుకునేవారు గానీ అక్షరం తప్పితే మాత్రం వదిలేవారు కాదు. ఆ ఒక్క విషయంలో ఘంటసాల పార్టీ, బాలు పార్టీ ఒకటే పార్టీ. ఈ మాట మా ఆవిడకి చెప్పాను, ఇంకా జవాబు రాలేదు.

ఇక అసలు కోపం. మీరు అచ్చేసిన పేర్ల పట్టీలో పాడినవాళ్లే ఉన్నారు. చెప్పినవాళ్లు ఏరీ?

ఉషశ్రీ గారి పేరు లేదు. అసలు పేరు పురాణపండ సూర్యప్రకాశ దీక్షితులు, విజయవాడ రేడియో. ఆదివారం మధ్యాహ్నం ఆయన రామాయణమో భారతమో చెబుతుంటే బజార్లో నడుచుకుంటూ పోయేవాడికి ఒక్క వాక్యం కూడా తప్పిపోయేది కాదు, ప్రతి ఇంట్లో అదే మోగుతుండేది. గంభీరమైన గొంతే, కానీ భయపెట్టేది కాదు. కైకేయి కోపం చెబుతూ చెబుతూ మన పక్కింటి తగువులా ఒక చురక వేసేవారు, మళ్లీ ఏమీ ఎరగనట్టు వాల్మీకిలోకి వెళ్లిపోయేవారు. భద్రాచలం కల్యాణం వ్యాఖ్యానం ఆయన చెప్పే రోజుల్లో నా పనేమిటో తెలుసా? పందిట్లో రేడియో పెట్టి, దాని ఇయర్‌ఫోన్ రంధ్రంలోంచి వైరు లాగి ఆంప్లిఫయర్‌కి కలపడం. మా పంతులు గారు సీతమ్మ మంగళసూత్రం పళ్లెంలో పట్టుకుని రేడియో వంక చూస్తూ నిలబడేవారు. అక్కడ కట్టారని ఉషశ్రీ చెబితే ఇక్కడ కట్టాలి. ఒక ఏడాది సరిగ్గా ఆ నిమిషానికే కరెంటు పోయింది. నేను బ్యాటరీ సెల్లుల కోసం కిళ్లీకొట్టుకి పరుగెత్తాను. మళ్లీ రేడియో మోగేదాకా పంతులు గారు పళ్లెం దించలేదు, మేళగాళ్లు డోలు ముట్టుకోలేదు. ఊరంతా కళ్లతో చూడని పెళ్లిని ఒక గొంతు మీద నమ్మకంతో చేసుకునేది. ఇంతకంటే గొప్ప గొంతంటే ఏమిటో ఎవరైనా నాకు చెప్పాలి. ఆయన 1990లో పోయారు. మీ పట్టీలో ఆయనకి ఒక గీత కూడా లేదు.

జగ్గయ్య గారు మా పక్క ఊరే, మోరంపూడి. సినిమాల్లోకి రాకముందు ఢిల్లీలో రేడియో వార్తలు చదివినాయన. వార్తలు చదివిన గొంతు ఎక్కడున్నా తెలిసిపోతుంది, వాక్యం చివర తోక జారిపోదు. శివాజీ గణేశన్ తెలుగులో మాట్లాడితే ఈయనే మాట్లాడేవారు. అంత పెద్ద నటుడి ముఖానికి గొంతు అరువివ్వడం చిన్న సంగతా? పన్యాల రంగనాథరావు, అద్దంకి మన్నార్, కందుకూరి సూర్యనారాయణ... 'వార్తలు చదువుతున్నది' అనగానే మా నాన్న పళ్లు తోముకుంటున్నవాడు కూడా పుల్ల నోట్లోంచి తీసేవాడు. వాళ్లు పాడలేదు కాబట్టి గొంతులు కావా? డబ్బింగ్ చెప్పిన సాయికుమార్‌ని కూడా వదిలేశారు, తెర మీద పోలీసు యూనిఫాం వేసుకున్న రాజశేఖర్‌కి, సుమన్‌కి సగం బరువు ఎక్కడినుంచి వచ్చిందో అందరికీ తెలుసు. అది వాళ్ల నాన్న పి.జె.శర్మ గారి నుంచి వచ్చిన విద్య.

పాట వేరు, మాట వేరు అన్నాయన బుర్రకథ ఎప్పుడైనా విన్నాడా అని నాకు అనుమానం. నాజర్ గారు, పొన్నెకల్లు, మా గుంటూరు జిల్లా. పల్నాటి యుద్ధం ఆయన చెబుతుంటే భుజం మీద తంబుర, చేతి వేళ్లకి అందెలు, పక్కన ఇద్దరు వంతలు డక్కీల మీద. పాడుతూ పాడుతూ ఠక్కున ఆపి మామూలుగా మాట్లాడతాడు, ఒక వంత జోకేస్తాడు, ఇంకో వంత రాజకీయం తెస్తాడు, మళ్లీ తందాన తాన అని ముగ్గురూ లేస్తారు. ఏది పాట, ఏది మాట? తెలంగాణలో ఒగ్గుకథ చుక్క సత్తయ్య గారూ అంతే, గద్దర్ అంతే. పాట మధ్యలో ఆపి మీతో మాట్లాడుతున్నాడనుకుంటారు, చూస్తే ఆ మాటకి కూడా గజ్జె పడుతూనే ఉంటుంది. కాగితం మీద గీత గీసి విడదీసింది మనమే, జనం ఏనాడూ విడదీయలేదు. (ఆడగొంతుల మాట ఎత్తనందుకు నన్ను తిట్టకండి, శీర్షిక మీరు పెట్టిందే. కథలు చెప్పిన అమ్మలక్కల మీద వేరే ఉత్తరం రాస్తాను.)

ఇప్పుడు మీకు తెలియని గొంతు ఒకటి చెబుతాను. పేరు రాయను, ఆయనకి ఇష్టం ఉండేది కాదు. మా షాపులో అనౌన్స్‌మెంట్లు చెప్పే మనిషి. చిన్నప్పుడు నాటకాల్లో కంసుడి వేషం కట్టేవాడట, పళ్లు ఊడాక మానేశాడు. సినిమా మారినా, బట్టల కొట్టు తెరిచినా, ఎవరైనా ఎలక్షన్లో నిలబడినా ఈయన కావాలి. వెనక గదిలో తలుపుకి దుప్పటి కట్టి, ఫ్యాను ఆపి, క్యాసెట్ రికార్డర్ ముందు కూర్చోబెట్టేవాళ్లం. ఎండాకాలంలో చొక్కా విప్పేసి, చెమటలు కారుతూ, మిరియాల నీళ్లు తాగుతూ చదివేవాడు. కాగితం మాత్రం చూసేవాడు కాదు, ఒకసారి చదివించుకుని పక్కన పడేసేవాడు. 'చూసి చదివితే చదివినట్టుంటుందిరా, చెప్పినట్టుండదు' అనేవాడు.

ఒక శివరాత్రికి కోటప్పకొండ తిరనాళ్లలో కొండ కింద కంట్రోలు మైకు మాది. చుట్టూ లైట్లతో కట్టిన ఎత్తైన ప్రభలు, ప్రభ ప్రభకీ పాటలు, పక్కవాడి మాట పక్కవాడికి వినబడదు. నాలుగేళ్ల పిల్లాడు తప్పిపోయి మా దగ్గరికి చేరాడు, ఊరి పేరు చెప్పలేడు, అమ్మ పేరడిగితే అమ్మ అంటాడు. మా కుర్రాళ్లు మైకు పట్టుకుని అరిచారు, వాల్యూమ్ పెంచితే కుయ్యిమని కూత. ఈయన లేచి, వాల్యూమ్ తగ్గించమని, మైకుకి జానెడు దూరంగా నిలబడి, అరవకుండా, 'పసుపు చొక్కా' అన్నాడు. ఆగాడు. 'చొక్కాకి కింది గుండీ లేదు' అన్నాడు. మళ్లీ ఆగాడు. ప్రభల పాటల మధ్య ఎక్కడ సందు దొరుకుతుందో చూసుకుని ఒక్కో మాట ఆ సందులో పెడుతున్నాడు, కిటికీ ఊచల్లోంచి చెయ్యి దూర్చినట్టు. పావుగంటలో ఒకావిడ వచ్చింది, చెప్పుల్లేవు, కొంగు సగం చినిగింది. గుండీ మాట వినబడిందట ఆవిడకి, పొద్దున కుట్టాలనుకుని మర్చిపోయిందట. పాడాడా ఆయన? పాడలేదు. ఆ తాళం, ఆ ఆపు, ఏ ఆస్థాన విద్వాంసుడి దగ్గర ఉందో చెప్పమనండి.

కాబట్టి నా ఓటు వెయ్యను. మీ ఓటు కూపన్ మార్చమని అడుగుతున్నాను. పాడినవాళ్ల పక్కనే చెప్పినవాళ్లని కూడా వేయండి, రేడియో వాళ్లని, కథలవాళ్లని, డబ్బింగ్ వాళ్లని. ఘంటసాల పేరు రెండు వైపులా పడితే పడనివ్వండి, బాలు పేరు కూడా. కింద ఒక ఖాళీ గీత వదలండి, ఊళ్లలో పేరు లేని గొంతులు రాసుకోవడానికి. ఎన్ని ఉత్తరాలొస్తాయో చూద్దురుగాని.

ఇంకొక్క మనవి, ఇది స్వార్థం. శ్రీరామనవమి నాడు ఉషశ్రీ గారి కల్యాణ వ్యాఖ్యానం రేడియోలోంచి నేనే ఒక క్యాసెట్లోకి ఎక్కించుకున్నాను. ఆ తర్వాత ఎప్పుడో తొందర పనొచ్చి, ఖాళీ క్యాసెట్ దొరక్క, మా కుర్రాడు దాని మధ్యలోకే చీరల కొట్టు అనౌన్స్‌మెంట్ రికార్డు చేసేశాడు, పైన చెప్పిన పెద్దాయన గొంతుతోటే. ఇప్పుడు వేస్తే జీలకర్ర బెల్లం దాకా ఉషశ్రీ గారు, అక్కణ్ణించి 'నేడే ఆఖరి రోజు' అని మా కంసుడు. చెరిపెయ్యడానికి మనసొప్పదు, ఎవర్ని చెరపాలి? మీ పాఠకుల్లో ఎవరి దగ్గరైనా పాత రేడియో కల్యాణం పూర్తిగా ఉంటే మీ ఆఫీసుకి తెలియజేయమని ఒక ముక్క వేయండి. క్యాసెట్ బిగుసుకుపోయిందని పారేయొద్దని కూడా రాయండి, స్క్రూలు విప్పి టేపుని వేరే క్యాసెట్ డిప్పలోకి మారిస్తే చాలామటుకు తిరుగుతుంది. నా దాన్లో తలంబ్రాలు లేవు.

ఇట్లు
ఒక మైకు సెట్లవాడు, తెనాలి